ఒప్పుకోవద్దు తమ్ముడూ

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ బావ, చిన్నది కులాసాగానే ఉన్నాం. నువ్వూ క్షేమమని రాశావు గానీ ఆ అక్షరాల వంకర చూస్తే నమ్మబుద్ధి కాలేదు. వేళకు తిను. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ పనిముట్ల పెట్టె భద్రంగా ఉంది. మీ బావను దాని దగ్గరికి రానివ్వలేదు. ఆయన మేకు కొడితే గోడ ఊడొస్తుందని మనకు తెలుసుగా. చిన్నది నీ గదిని ఆక్రమించింది, మామయ్య వచ్చేదాకా తనదేనంటోంది. లాండ్రీలో పని ఎప్పటిలాగే ఉంది. మొన్న మా ఓనరు, నిప్పు లేనిదే పొగ రాదంటారు కదమ్మా అని నీ కేసు గురించి మెల్లిగా కదిపాడు. రోజంతా ఆవిరిలో నిలబడేదాన్ని, పొగేదో ఆవిరేదో నాకు తెలుసండీ అన్నాను. 

ఇక అసలు సంగతి. సోమవారం జడ్జిగారి ముందు దొంగతనం ఒప్పేసుకుంటానని రాశావు. ఒప్పుకుంటే ఇన్నాళ్లు లోపల ఉన్నదే శిక్షగా లెక్కేసి వదిలేస్తారని, కాదంటే విచారణ ముగిసేదాకా ఎన్ని నెలలు పడుతుందో తెలియదని నీ తోటివాళ్లు చెప్పారట. మన లాయరమ్మ కూడా అది కాదనలేదు. కానీ ఒరేయ్, నువ్వు చేసిందల్లా ఆ ఇంటి తలుపుకి కొత్త తాళం బిగించడం. మర్నాడు వాళ్ల నగలు పోయాయి. చెయ్యని పని చేశానని చెప్పడం కొరివితో తల గోక్కోవడమే. వేరే పనివాడైతే ఎలాగోలా బతికేస్తాడేమో. తాళాలు బాగుచేసేవాడు నేను దొంగనని తన నోటితో చెప్పాక, తలుపు తీసి లోపలికి రమ్మనేదెవరు?

బెయిలు ఎందుకు కొట్టేశారని రెండు ఉత్తరాల నుంచి అడుగుతున్నావు. నేనే దాటేస్తూ వచ్చాను. కారణం నేనేరా.

కొత్త చట్టం వచ్చాక, ఆస్తి చూపించి జామీను ఉండేవాళ్లు లేకపోయినా మనిషిని వదలొచ్చట. అతనికి ఇల్లుందా, పనుందా, పిలిస్తే కోర్టుకు వస్తాడా అని ఒక ఆఫీసరు ఇంటికొచ్చి చూసి రాస్తాడు. దాన్నిబట్టి జడ్జిగారు నిర్ణయిస్తారు. ఆ ఆఫీసరు వస్తున్నాడని తెలియగానే నా లాండ్రీ బుద్ధి లేచింది. ఇల్లంతా కడిగాను. నీ చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెలో సర్ది అటకెక్కించాను. చెప్పులు, గడ్డం సామాను, నూనె మరకల తువ్వాలు, ఏదీ కంటికి ఆనకుండా దాచేశాను. ఆయన నీ గదిలోకి తొంగిచూస్తే చిన్నదాని బొమ్మలు తప్ప ఏమున్నాయి? నువ్విక్కడ ఉంటున్న ఆనవాలే లేదని రాసుకుపోయాడు. నేనేమో ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో రాస్తున్నాడనుకుని పక్కనే నవ్వుతూ నిలబడ్డాను.

లాయరమ్మ ఈ సంగతి చెప్పిన రోజంతా ఏడ్చాను. మర్నాడు ఏడుపు కట్టిపెట్టి ఆ ఆఫీసరు దగ్గరికెళ్లాను. రాసింది రాసిందేనన్నాడు. అయితే జడ్జిగారినే అడుగుతానని చెప్పి, ఇల్లు ఇంకోసారి చూడమని లాయరమ్మతో అర్జీ పెట్టించాను. కోర్టు వరండాలో పడిగాపులు పడ్డాక జడ్జిగారు సరేనన్నారు. ఈసారి నీ బట్టలు గదినిండా విసిరేద్దామన్నాడు మీ బావ. నాటకాలు వద్దన్నాను. అది బయటపడితే మన నిజం కూడా ఎవరూ నమ్మరు.

ఆఫీసరు రాగానే జరిగింది జరిగినట్టు చెప్పాను. మొహం చూస్తే నమ్మినట్టు లేదు. అటక మీంచి పెట్టె దించి తెరిచాను. నీ చొక్కాల కింద, వీధివాళ్ల మారుతాళం చెవులు తగిలించే నీ చెక్కపలక ఉంది. మాసిపోయిందని దాన్నీ దాచేశాను చూడు! ఇవి ఎవరివని అడిగాడు. పై అంతస్తు మామ్మది, బ్రెడ్డు షాపాయనది, నర్సమ్మది అంటూ చూపించాను. చెవి పోగొట్టుకుంటే పరుగెత్తుకొచ్చేది నీ దగ్గరికేనని చెప్పాను. నిన్ను పట్టుకెళ్లాక ఎవరైనా వెనక్కి తీసుకున్నారా అన్నాడు. ఒక్కరూ తీసుకోలేదు. నా మాటతో ఊరుకోకుండా ఆయనే వెళ్లి తలుపులు తట్టాడు. నేనూ వెనకే మెట్లెక్కాను.

"వాడు దొంగే అయితే నా ఇల్లు ఎప్పుడో ఖాళీ చేసేవాడు నాయనా. వాడక్కడే ఉంటాడు, నా చెవీ అక్కడే ఉంటుంది," అంది మామ్మ.

ఆయన అక్కడే నిలబడి ఆ మాట రాసుకున్నాడు.

సోమవారం ఆ కాగితం జడ్జిగారి ముందుకెళ్తుంది. పిలిచినప్పుడల్లా నువ్వు కోర్టుకొస్తావని పూచీ నేనే పడ్డాను. బెయిలు వస్తుందని మాత్రం మాటివ్వలేను. రావచ్చు, రాకపోవచ్చు అంది లాయరమ్మ.

ఇక నేను అడగాల్సింది అడుగుతున్నాను తమ్ముడూ. బెయిలు రాకపోయినా సరే, ఒప్పుకోవద్దు. జడ్జిగారు అడిగితే తలెత్తి, చెయ్యలేదని చెప్పు. నావల్లే నువ్వింకా లోపలున్నావు. ఆ నేనే ఇంకొన్నాళ్లు ఉండమంటున్నాను. విచారణ ఎన్ని వాయిదాలు పడినా నేను వస్తాను, ఆ ఆఫీసరును ఎన్నిసార్లయినా మెట్లెక్కిస్తాను. నన్ను తిట్టుకో. రోజూ తిట్టుకో. ఇంటికొచ్చి మొహం మీద కూడా తిట్టు. కానీ దొంగనని చెప్పి మాత్రం రాకు.

ఇట్లు,
సోమవారం నీకు కనపడేలా ముందు బెంచీలో కూర్చునే
నీ అక్క