ముందరి అర్ర మారెమ్మకే

నేను, నల్లగొండ జిల్లా తిరుమలగిరి నివాసి, రిటైరైన ఇంగ్లీషు పంతులు రఘుపతిని, వయస్సు అరవై మూడు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా సొంత దస్తూరీతో రాసిన వీలునామా ఇది. ముసలాడికి మతి తప్పిందని నా కొడుకు నర్సింహ రేపు అంటాడు గనుక ముందే చెబుతున్నాను. మతి ఉంది కాబట్టే రాస్తున్నాను. ఇందులోని ఆస్తి అంతా నా జీతంతో కొన్నది. తాతల సొత్తు ఇందులో గవ్వంత లేదు.

1. దీన్ని అమలు జరిపించే బాధ్యత, బడిలో నాతో ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పిన నా దోస్తు కృష్ణయ్యది. నా నల్ల గొడుగు ఆయనకు. అది మూడు వానకాలాల నుంచి ఆయన ఇంట్లోనే ఉంది. ఇకనుంచి ఆయన దొంగ కాడు.

2. 'ఆన్' అనే ఒక్క ఇంగ్లీషు మాట గురించి ముప్పై ఏళ్లుగా నేను రాసుకున్న రెండు వందల పేజీల పుస్తకం, నా శిష్యురాలు మారెమ్మకు. నవ్వేవాళ్లు నవ్వండి. ఇంత చిన్న మాట ఎన్ని చోట్ల దూరుతుందో నాకు తెలుసు. కుండ మీది మూతకు అదే, గోడకున్న పటానికి అదే, వేలికున్న ఉంగరానికి అదే. సోమవారం నాటి అంగడికీ, రేడియోలో పాటకూ, వెలుగుతున్న దీపానికీ, అంటుకున్న గడ్డివాముకూ, డ్యూటీలో ఉన్న జవానుకూ అదే. బస్సులో కూర్చుని వచ్చినా దానితోనే చెప్పాలి. మా పిల్లలు భువనగిరి బస్సు నెత్తికెక్కి వచ్చేవాళ్లు గనుక ఆ ఒక్కటి మాత్రం తొందరగా పట్టుకున్నారు.

1952లో తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు, "ఒక్క ముక్కకు రెండు వారాలా? ఆన్ అంటే మీద అని రాయించి పారెయ్యండి" అన్నాడు. నేను రాయించలేదు. నా ప్రమోషన్ అక్కడే ఆగింది. ఆగితే ఆగనీ.

3. ఇంటి ముందరి అర్ర, అందులోని నల్లబల్ల, బెంచీలు, గోడ గడియారంతో సహా, మారెమ్మకు సర్వహక్కులతో చెందాలి. "బాపూ, గా అర్ర ఎరువుల దుకానానికిస్తే నెల నెలా కిరాయొస్తది" అని నర్సింహ రెండేళ్లుగా నన్ను పోరుతున్నాడు. వాడికి కారణం తెలియాలి.

1953 వానకాలంలో ఆ అర్రలోనే సాయంత్రం పాఠం చెబుతున్నాను. వల్లెవేయించడం నా పద్ధతి కాదు. పలక పెట్టె మీద పెట్టాలి, పటం గోడకు తగిలించాలి, ప్రతిదీ పిల్లలు చేతులతో చేసి చూపాలి. మాలవాడ పోచయ్య బిడ్డ మారెమ్మకు అప్పుడు పదకొండేళ్లు. ఆమె వంతు రాగానే, కుండ మీద మూత పెట్టమని ఇంగ్లీషులో అన్నాను. మూలనున్నది మా మంచినీళ్ల కుండ. నాకు ఆ సోయి లేదు, పిల్లకు ఉంది. నా ముఖం చూసి, జంకి, పంతులు చెప్పిండు గదా అని పెట్టింది. నా భార్య భద్రమ్మ అది చూసి కుండను వాకిట్లో పలగ్గొట్టింది.

నేనేం చేశాను? "జర అరుగు మీద కూసో బిడ్డా" అన్నాను. ఛీ, ఏం బతుకు! ఊరందరికీ పాఠాలు చెప్పే నోటితోనే ఆ మాట అన్నాను. ఆ పిల్ల రెండేళ్లు అరుగు మీదే కూర్చుని, కిటికీలోంచి విని, లోపలివాళ్లందరినీ మించిపోయింది. ఇప్పుడు ఈ ఊళ్లోనే పంతులమ్మ. సాయంత్రాలు వాడలో ఆరుబయట పాఠం చెబుతుంది. వాన పడితే పాఠం బంద్. ఆమెకు కప్పున్న జాగా కావాలి, నా దగ్గర ఉంది, ఇస్తున్నాను. ఇది దానం కాదు, పదమూడేళ్ల కింద చేయవలసిన పని.

4. మిగతా ఇల్లు, బావి కింది మూడెకరాలు నర్సింహకు. షరతు ఒకటే. అర్ర తాళంచెవి మారెమ్మకు వాడే స్వయంగా ఇచ్చి, ఆమె ముంచి ఇచ్చిన గ్లాసెడు నీళ్లు కృష్ణయ్య ఎదుట తాగాలి. తాగకపోతే ఆ మూడెకరాలు కూడా మారెమ్మ బడికే. కులపెద్దలు ఏమంటారోనన్న ఫికర్ నాకు లేదు. వాళ్లు అనేనాటికి నేనుండను, వినాల్సింది నర్సింహే. కోర్టు కచేరీకి పోతానంటే పొమ్మనండి, దారి ఖర్చులు మాత్రం వాడివే.

5. భద్రమ్మకు నా వెండి మొలతాడు, పాడి బర్రెలు రెండూ రాశాను. పోయిన వారం చదివి వినిపిస్తే కొట్టెయ్యమంది. ఆస్తి తీసుకున్నవాళ్లు సాక్షి సంతకం పెడితే రేపు పేచీ వస్తుందని వకీలు చెప్పిన మాట ఆమె విన్నది. "నాకేమొద్దు. నా పుట్టింటోళ్లిచ్చిన రెండెకరాలు నాకు చాలు. కుండ పలగ్గొట్టింది నేను. సాక్షి సంతకం నేనే పెడ్త" అన్నది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె మాటకు నేను తలవంచిన రోజులు చాలా ఉన్నాయి. సంతోషంగా వంచింది మాత్రం ఇదే మొదలు. ఆ రాత కొట్టేశాను.

ఇంతకు మించి నాకు ఆస్తి లేదు, ఈ రాతలో మార్పూ లేదు.

తిరుమలగిరి, 1966 జూన్ 13, సోమవారం.

(సంతకం) రఘుపతి

సాక్షులు:

1. కురుమయ్య, తపాలా బంట్రోతు (సంతకం)

2. భద్రమ్మ, రఘుపతి భార్య (సంతకం. వేలిముద్ర కాదు. ఇందుకోసం నాలుగు రోజులు మారెమ్మ ఇంటికి పోయి నేర్చుకున్నది.)