సబ్బు వాసన పట్టిన చాయ్‌పత్తి

అత్తమ్మా,

ఇయ్యాల నీ సంవత్సరీకం. నర్సంపేట నుంచి వచ్చిన నీ చెల్లె ఒక్క గుక్క తాగి, "చాయ్ సబ్బు వాసనొస్తాందేందే బిడ్డా?" అన్నది.

నువ్వున్నప్పుడు గూడ ఒకసారి చాయ్ గిట్లనే వాసనొచ్చింది. "అత్తమ్మ బట్టలు పిండిన చేతులే చాయ్‌పత్తి డబ్బాల పెడ్తది" అని అందరి ముంగట నేనన్న. ఆనాటి సంది నువ్వు డబ్బా ముట్టలె. నీ ఇంట్లనే చుట్టం లెక్క కూసొని, "బిడ్డా, జర చాయ్ పోస్తవా?" అని అడుగుతుంటివి.

ఇయ్యాల అల్మారా తెరిచి చూసిన. మూత గట్టిగ పడని ఆ డబ్బా పక్కకే సబ్బుబిళ్ళలున్నయి. ఎప్పటి సందో అక్కడ పెట్టేది నేనే. పత్తి పక్క వాసనల్ని గుంజుకుంటదని నువ్వు ఎన్నిసార్లు చెప్పినవో.

నీ చెల్లెకు మాత్రం, "దుకాణపాయన పాత పత్తి ఇచ్చిండు" అని చెప్పిన. నువ్వుంటే ఇయ్యాల గూడ నీ పేరే చెప్పేదాన్ని.

నీ కోడలు