నువ్వు కుట్టిన నక్షత్రం

టెనెస్సీలో మన పటాలం డేరాల నుంచి,
1863 అక్టోబరు.

కెజియాకు,

ముందుగా నా రాతను మన్నించు. రొట్టెల పెట్టె మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతాయి, తప్పులూ ఉంటాయి. నువ్వే సర్దుకుని చదువు.

నేను కులాసా. దగ్గు తగ్గింది. నువ్వూ, అమ్మాయీ, ఆవులూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు పంపిన మేజోళ్ళు అందాయి. ఎండు ఆపిల్ ముక్కలు మాత్రం నాకు గుప్పెడే దక్కాయి. "నమలడానికి నీకు పళ్ళేవి తాతా?" అని కుర్రాళ్ళు లాక్కుపోయారు.

మన పటాలం జెండా చిరిగిందని విని, దారం పంపనా అని అడిగావు. వద్దు. తూటాలు చేసిన చిల్లులు ఇక్కడ ఎవరూ కుట్టరు. అవి అలాగే ఉండాలంటారు. మన చర్చిలో మీ ఆడవాళ్ళంతా కూర్చుని దాని మీద తలా ఒక నక్షత్రం కుట్టారు కదా. నీది మూలన ఉంది, ఒక కొన కాస్త పొడుగు. దానికేమీ కాలేదు. దగ్గర నుంచి చూశాను.

ఎలా చూశానంటే, మొన్న వాగు దగ్గర పోరు జరిగింది. ముసలివాణ్ణని నన్ను కంచర గాడిదల బండ్ల దగ్గరే ఉంచారు. అక్కడి నుంచి మనవాళ్ళకు నీళ్ళు మోస్తున్నాను. జెండా పట్టిన ఆరిన్, అదే మన మిల్లువాళ్ళ అబ్బాయి, కాలికి తూటా తగిలి పడ్డాడు. ప్రాణానికి భయం లేదు, వాళ్ళమ్మకు చెప్పు. ఆ పొగలో కేకలు వినబడవు, జెండాను చూసే అందరూ నడుస్తారు. అది కనబడక మనవాళ్ళు వెనక్కి తగ్గుతున్నారు. బకెట్ పడేసి జెండా ఎత్తాను. వాగు దాటాం.

"ఏం తాతా, జెండాను నువ్వు మోశావా, నిన్నది మోసిందా?" అని ఇప్పటికీ ఏడిపిస్తున్నారు.

ఇంతవరకు దాచిన మాట ఇక చెబుతాను. నిన్న కెప్టెన్ పిలిచాడు.

"పెద్దాయనా, నీకు పోరాడే వయసు దాటింది. మంచు పడేలోగా ఇంటికి పంపిస్తాను. వెళ్తావా?"

"మరి జెండా ఎవరు పడతారండీ?"

"ఎవరో ఒకరు దొరక్కపోరు."

నాకు మాటలు రావని నీకు తెలుసు. ఆ మూల నక్షత్రం చూపించి, "ఇది మా ఆవిడ కుట్టిందండీ" అన్నాను.

కెప్టెన్ వంగి దాన్ని వేలితో తడిమాడు. తర్వాత జెండా కర్ర నిలిపే తోలుపట్టీ తన చేతులతో నా భుజానికి తగిలించాడు. కుర్రాళ్ళంతా టోపీలు తీశారు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

జెండా పట్టేవాడికి తుపాకి ఉండదు, అవతలివాళ్ళ గురి మాత్రం వాడి మీదే. అది నీకు తెలియాలి. నిన్ను అడక్కుండా నేనొక పని చేయడం ఇదే మొదలు. తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ త్వరగా రాయి. మేం మళ్ళీ పోరుకు కదిలేలోగా నీ జవాబు జేబులో ఉండాలి.

ఇట్లు,
నీ నక్షత్రం మోస్తున్న నీ భర్త,
అసాహెల్