ఎర్సీలియా వదిన గొంతు మందు

బానీ,
మంగళవారం.

ఎర్సీలియా వదినకు,

నీ గొంతు పూర్తిగా బొంగురుపోయిందని మా ఎవారిస్టో అన్నయ్య చెప్పాడు. చెబుతున్నప్పుడు వాడి మొహంలో దిగులేమీ కనిపించలేదు. నేను కాచి పంపిన సిరప్ సీసా మూతైనా తియ్యలేదట నువ్వు. "బల్లిని ఉడకబెట్టిందో ఏమో, ఏమేం వేసిందో రాసి పంపితేగానీ చుక్క ముట్టను" అన్నావట.

వదినా, ఏముందో తెలిసి తాగితే ఆ మందు పనిచెయ్యదని నీకు తెలియనిదా? నీ పిల్లలకు నువ్వే అడగనివ్వకుండా తాగించేదానివి. ఆ మాటే చెప్పి పంపితే, "మీ చెల్లెలి నాటకాలు నా దగ్గరా?" అన్నావట.

సరే, నీ మాట ఎప్పుడు కాదన్నాను గనక. ఎర్ర ఉల్లిపాయలు, ముల్లంగి సన్నగా తరిగి, కలబంద గుజ్జు, ఒరేగానో ఆకు వేసి సన్నని సెగ మీద మగ్గబెట్టాను. గుడ్డలో వడకట్టి, చల్లారాక తేనె కలిపాను. బల్లి దొరకలేదు.

ఇంతదాకా చదివావు కాబట్టి ఆ సీసా ఇక నీకు పనికిరాదు. అన్నయ్యకిచ్చెయ్యి, వాడికి మాత్రం ఏమీ చెప్పకు.

ఆదివారం పునీత అన్నమ్మ పండుగలో మరియతల్లి పాట ఎవరు ఎత్తుకుంటారని డప్పులవాళ్లు ఒకటే కంగారు. ఇన్నేళ్లూ నువ్వు ఇంకొకర్ని నోరు తెరవనిస్తేగా. నువ్వేం బెంగపెట్టుకోకు, నేను పొద్దుటినుంచీ సాధన చేస్తున్నాను. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టు, చాలు. దానికి గొంతుతో పనిలేదు.

నీ మేలు కోరే
ఆడపడుచు