పాత పొయ్యి ఇవ్వొద్దు

జుమ్రేతా, నేను బాగానే ఉన్నాను, చీజ్ సగానికి పైగా అమ్ముడైంది. గాలివానకి మన కొండమీద ఫోన్లేవీ పలకట్లేదు కదా, అందుకే ఈ కార్డు బస్సు డ్రైవర్ నెదీమ్ చేతికిస్తున్నా.

తుక్కు కొనే చామిల్ శుక్రవారం మన పాత కట్టెల పొయ్యి పట్టుకుపోవడానికి వస్తాడు. ఇవ్వొద్దు! సంతలో నా పక్కన తేనె అమ్మే దెసాంకాకి ఇల్లు వెచ్చబెట్టే మన కొత్త పెల్లెట్ పొయ్యి గురించి, రంపప్పొట్టు గుళికలు పోస్తే చాలని గొప్పలు చెబుతుంటే పకపకా నవ్వింది. "రమీజన్నా, కిందటేడు మంచుకి మా ఊళ్ళో మూడు రోజులు కరెంటు లేదు. నేలమాళిగ నిండా పెల్లెట్లే, పొయ్యి మాత్రం చచ్చి కూర్చుంది. కరెంటు లేందే అది వెలగదుగా! పిల్లల్ని తీసుకెళ్ళి గొర్రెల కొట్టంలో, వాటి వెచ్చదనానికి పడుకోబెట్టాం" అంది. మరి పాత పొయ్యి ఏమైందని అడిగితే, "తుక్కువాడికిచ్చాం. మేమూ నీలాంటి తెలివిగలవాళ్ళమే" అంది. మనవడికింకా నెలైనా నిండలేదు.

పెల్లెట్ల బస్తాలు దిగాయా? నేలమీద పెట్టించకు, కింద చెక్కలు వేయించు, చెమ్మ తగిలితే ఉబ్బి మళ్ళీ రంపప్పొట్టయిపోతాయి. కొన్ని కట్టెలు కూడా తెప్పించు. కోడలి దగ్గు తగ్గిందా? నా ఉన్ని మేజోళ్ళు నెదీమ్‌కిచ్చి పంపు.

"ఉండనివ్వయ్యా, ఆ పొయ్యి నిన్ను తిండి పెట్టమందా?" అని నువ్వు మొత్తుకున్నావు. నేనే వినలేదు. చామిల్ ముందే పట్టుకుపోయుంటే మొహమాటపడకు, ఇంటికెళ్ళి అడుగు. తప్పు నాదేనని చెప్పు, వాడు నవ్వితే నవ్వనీ. పొయ్యి మాత్రం వెనక్కి రావాలి.

బుజ్జిగాడికి ముద్దులు. దేవుడు మీ అందర్నీ వెచ్చగా ఉంచాలి.

నీ రమీజ్