ఉప్పులో నిమ్మకాయలు

ప్రియమైన మీకు,

ప్రభువు పేరిట వందనాలు. రైస్ మిల్లులో పని ఎలా ఉంది? ఫోన్‌లో మాట్లాడితే పక్కింట్లో చెవులు రిక్కిస్తున్నారు, అందుకే మిర్యాలగూడ వచ్చేవాళ్ళ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మీ తమ్ముడు బిచ్చా కూతురు లహరికి జ్వరం తగ్గడం లేదు. దవాఖాన వద్దని వాడు మంత్రగాణ్ని పిలిచాడు. తండా చివర ఉండే మంగమ్మ బాణామతి చేసిందట! ఆ ముసలామెకు నీళ్ళు ఇవ్వడం కూడా మానేశారు. నేను రెండు పూటలా అన్నం పెట్టి వస్తున్నాను. అప్పటినుంచి రోజూ తెల్లారేసరికి మన గడప మీద కుంకుమ పూసిన నిమ్మకాయ. కుక్క ఒక్కసారీ మొరగలేదు. ఏసయ్య ఉండగా నాకేం భయమని కడిగి, కోసి, ఉప్పులో ఊరేస్తున్నాను. తండా అంతా నోరెళ్ళబెట్టింది.

మీ కమలాబాయి

ప్రియమైన కమలా,

నీ ఉత్తరం చదివాక ముద్ద దిగలేదు. దేవుణ్ని నమ్ము, కానీ పాము పుట్టలో చెయ్యి పెట్టకు. ఆ జాడీ పారబోసి ఇక్కడికి వచ్చెయ్. మంగమ్మ కోసం మన ఇల్లు కాల్చుకుంటామా?

నీ దీప్లా

ప్రియమైన మీకు,

కోప్పడకండి. మంగమ్మ ఇప్పుడు మన ఇంట్లోనే ఉంది. ఆమె గుడిసె మీద రాళ్ళు పడ్డాయి. ఆదివారం చదివిన వాక్యం సోమవారం మరిచిపోతే మనమేం విశ్వాసులం? అమావాస్యలోగా ఆమెను బయటికి పంపకపోతే చంపుతామని బిచ్చా వాళ్ళు అన్నారు. నాకూ భయంగానే ఉంది, మీకు కాక ఎవరికి చెప్పుకోను? నిమ్మకాయ వస్తూనే ఉంది. లోపల గడియ పెట్టే పడుకుంటున్నాను. పొద్దున చూస్తే గడియ తీసి ఉంటోంది.

మీ కమల

ప్రియమైన కమలా,

ఎవరు పిలిచినా తలుపు తీయకు. సెలవు దొరకగానే వస్తున్నాను.

నీ దీప్లా

ప్రియమైన మీకు,

ఇక కంగారు పడకండి, మెల్లగా రండి. అమావాస్య పొద్దున బిచ్చా కిరోసిన్ డబ్బాతో నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. మంగమ్మకు అడ్డంగా నిలబడ్డాను. నోట ప్రార్థన కూడా రాలేదు. గడప మీది నిమ్మకాయను చూసి వాళ్ళు ఆగిపోయారు. ఒక్కడూ దాటలేదు.

వాళ్ళు పోయాక మంగమ్మ అంది: "నేనే పెడ్తున్న బిడ్డా. నాకు బువ్వ పెడ్తున్నవని నీకేమన్న అయితదేమోనని భయం. మీ దేవునికి జర సాయం."

ఆమె కాపలా పెడితే నేను ఊరగాయ పెట్టాను!

ఆ సాయంత్రం లహరి తల్లి చాటుగా వచ్చి ఏడ్చింది. ఇద్దరం పిల్లను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం. డెంగీ అట. జ్వరం తగ్గాక నిన్ననే ఇంటికి తెచ్చాం.

ఈరోజు మన గడప ఖాళీ. నిమ్మకాయ బిచ్చా గడప మీద ఉంది. వాడేం చేస్తాడోనని పరుగెత్తాను. వాడు దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"వదినా, దీన్నేం జెయ్యాలె?"

"మంగమ్మ నీ బిడ్డను కాస్తున్నది," అన్నాను.

ఇంట్లో ఉప్పుంటే తెమ్మన్నాను.

మీ కమలాబాయి