బందరు బస్సు ఎల్లిపోయింది

శుక్రవారం రాత్రి

మందుల కంపెనీల నా తర్వాత డ్యూటీకెక్కే రిలీవర్ జల్దీ రాలే. వాడొచ్చేదాకా రియాక్టర్ ఇడిసిపెట్టి కదలొద్దాయె. ఉరుక్కుంట పటాన్‌చెరు బస్టాండుకు పోయేసరికి బందరుకు ఆఖరి బస్సు ఎల్లిపోయింది. యాదమ్మ సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

ఎల్లుండి ఆమె కండ్ల ఆపరేషన్, రేపు సాయంత్రమే దవాఖానల జేరాలె. చూపు నిలుస్తదో లేదో డాక్టరే చెప్తలేడు. అంతకుముందే ఒక్కపారి సముద్రం సూస్తనన్నది. ఇగ రేపు పోతే ఆపరేషన్‌కు మర్లి రాలేం. లగ్గమైన కొత్తల మాటిచ్చింది నేనే. డచ్చోళ్ల కోట, గోల్కొండ సుల్తానుల ఓడలొచ్చిన రేవు అని ఫోన్ల సూపిచ్చి ఆశపెట్టింది నేనే. థూ, నా బతుకు!

ఇంటికి మర్లుతుంటే యాదమ్మ ఆటోల నా చెయ్యి పట్టుకొని, "సముద్రానికి అవుతలి ఒడ్డు కనబడదంట, నిజమేనా?" అని అడిగింది.

నేను మాత్రం ఎన్నడు సూసిన?